ఒకే క్లాసు, రకరకాల పిల్లలు: గతాన్ని ఇవ్వాళ్టితో కలిపి హిస్టరీ లెసన్ ప్లాన్ చేసుకోవడం ఎలా

హిస్టరీ చెప్పే ప్రతి టీచర్‌కీ తెలిసిన సంగతే ఇది, ఒకే క్లాసులో ఒకరు పేజీ మొత్తం రెండు నిమిషాల్లో చదివేసి పక్కవాళ్ళతో కబుర్లు మొదలెడతారు, ఇంకొకరు అదే పేజీలో మూడో లైను దగ్గరే ఆగిపోతారు, ఇంకో ఇద్దరు ముగ్గురికి చదవడం బాగానే వచ్చుగానీ "ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళ గొడవ మనకెందుకు" అని మొహం మీదే అడిగేస్తారు. వీళ్ళందరికీ కలిపి ఒకే పాఠం ప్లాన్ చెయ్యాలి.

డిఫరెన్షియేషన్, అంటే పిల్లల స్థాయిని బట్టి పాఠాన్ని మార్చి చెప్పడం, అనగానే ఎక్కువగా కనిపించేది ఏంటంటే బాగా చదివేవాళ్ళకి పది ప్రశ్నలు, వెనకబడ్డవాళ్ళకి అయిదు, అవి కూడా ఖాళీలు పూరించండి టైపువి. అలాగే "ఇప్పటి విషయాలకి కనెక్ట్ చెయ్యండి" అనగానే పీరియడ్ చివర్లో "చూశారా, ఇప్పుడు కూడా ఇలాగే జరుగుతోంది" అనేసి బెల్లు కొట్టగానే బయటికి వచ్చెయ్యడం. ఈ రెండూ పిల్లలకి అన్యాయమే అని నేను గట్టిగా అనుకుంటాను. మొదటిదాంట్లో ఆలోచించే పని ఎవరికి ఎక్కువ కావాలో సరిగ్గా వాళ్ళకే దొరకదు. రెండోదాంట్లో అప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం మారింది, ఎవరు మార్చారు అన్న అసలు చరిత్రే ఎగిరిపోతుంది. కాబట్టి నేను పట్టుకునే సూత్రం ఇది: ప్రశ్న అందరికీ ఒకటే, దాని దగ్గరికి వెళ్ళే దారులే వేరు, పోలిక చెప్పిన ప్రతిసారీ తేడా కూడా చెప్పి తీరాలి. మిగతా ప్లానింగ్ అంతా దీన్నుంచే వస్తుంది.

ముందు ప్రశ్న రాసుకోండి

టెక్స్ట్‌బుక్ తెరిచి చాప్టర్ హెడ్డింగ్ నుంచి మొదలుపెట్టకండి. ఈ నాలుగు పీరియడ్లు అయ్యేసరికి పిల్లలు ఏ ప్రశ్న మీద సాక్ష్యాలు చూపించి మాట్లాడగలగాలి అన్నది ఒక్క వాక్యంలో రాసుకోండి. ఉదాహరణకి 1911లో న్యూయార్క్‌లో జరిగిన ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదం చెప్పాలనుకోండి. "ప్రమాదానికి కారణాలు ఏవి" అని రాస్తే అయిదు పాయింట్లు బట్టీ పట్టి అప్పజెప్తారు, అక్కడితో అయిపోతుంది. "ప్రమాదం పొంచి ఉందని ముందే తెలిసినా ఎందుకు ఆపరు, ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది" అని రాస్తే అది 1911కీ పనికొస్తుంది, ఇవ్వాళ్టికీ పనికొస్తుంది.

ప్రశ్న సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి నేను మూడు విషయాలు చూస్తాను. చదవడం కష్టంగా ఉన్న పిల్ల కూడా మొదటి రోజే దీని మీద ఏదో ఒకటి అనగలదా? బాగా చదివే పిల్లాడు దీన్ని ఒక్క లైనులో తేల్చెయ్యలేడు కదా? పెద్దవాళ్ళు ఇంకా దీని మీద వాదించుకుంటున్నారా? మూడింటికీ అవునని వస్తేనే ముందుకెళ్ళండి, లేకపోతే ప్రశ్న మార్చండి. ఈ ఒక్క పనికి అరగంట పట్టినా పర్లేదు, ఎందుకంటే ప్రశ్న బలహీనంగా ఉంటే తర్వాత ఎన్ని రంగుల వర్క్‌షీట్లు చేసినా దాన్ని ఎవరూ నిలబెట్టలేరు.

జంట సంఘటన ఎంచుకోవడం

పాత సంఘటన పక్కన ఒక కొత్త సంఘటన పెట్టాలి, ఊరికే "ఈ రోజుల్లో కూడా" అని గాల్లో చెప్తే సరిపోదు. ట్రయాంగిల్ పక్కన నేను పెట్టేది 2013 నాటి రాణా ప్లాజా. రెండిటి వివరాలు కాస్త పొడుగ్గానే చెప్తాను, ఎందుకంటే వివరాల్లోనే పాఠం ఉంది.

1911 మార్చి 25 సాయంత్రం, న్యూయార్క్‌లో యాష్ బిల్డింగ్ అనే పదంతస్తుల భవనంలో పై మూడు అంతస్తుల్లో ఉన్న బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. 146 మంది చనిపోయారు, ఎక్కువమంది ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యువతులు, కొందరికి పదిహేనేళ్ళు కూడా నిండలేదు. తొమ్మిదో అంతస్తులో మెట్ల వైపు తలుపు ఒకటి తాళం వేసి ఉంది, బయట ఉన్న ఇనప మెట్లు బరువుకి విరిగిపడ్డాయి, ఫైర్ సిబ్బంది నిచ్చెనలు ఆరో అంతస్తు దాకానే అందాయి. అంతకు రెండేళ్ళ ముందే, 1909లో, న్యూయార్క్ బట్టల ఫ్యాక్టరీల అమ్మాయిలు వేలమంది సమ్మె చేశారు, ట్రయాంగిల్ వాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఓనర్లు మాక్స్ బ్లాంక్, ఐజాక్ హారిస్ మీద కేసు నడిచి అదే ఏడాది డిసెంబర్లో నిర్దోషులుగా బయటపడ్డారు, ఎందుకంటే ఆ సమయంలో తలుపుకి తాళం ఉందన్న సంగతి వాళ్ళకి తెలుసని రుజువు కాలేదు. కానీ కథ అక్కడ ఆగలేదు. రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల మీద విచారణ కమిషన్ వేసింది, తర్వాత రెండు మూడేళ్ళలో 30కి పైగా కార్మిక, భద్రతా చట్టాలు వచ్చాయి. ఆ రోజు మంటల్ని రోడ్డు మీద నిలబడి కళ్ళారా చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఆ కమిషన్‌కి పనిచేసి, 1933లో అమెరికా కార్మిక శాఖ మంత్రి అయ్యింది, ఆ దేశ కేబినెట్లో మొదటి మహిళ ఆవిడే.

ఇప్పుడు రాణా ప్లాజా. బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్‌లో ఎనిమిదంతస్తుల భవనం, అయిదు బట్టల ఫ్యాక్టరీలు. 2013 ఏప్రిల్ 23న గోడల్లో, స్తంభాల్లో పెద్ద పగుళ్ళు కనిపించాయి, చూసిన ఇంజనీర్ ఇది ప్రమాదకరం అన్నాడు, కింద ఉన్న బ్యాంకు వాళ్ళు, షాపుల వాళ్ళు మూసేశారు. బట్టలు కుట్టేవాళ్ళని మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు. 24 ఉదయం కరెంటు పోయింది, పైన పెట్టిన జనరేటర్లు ఆన్ చేశారు, కాసేపటికి భవనం మొత్తం కూలిపోయింది. 1,134 మంది చనిపోయారు, దాదాపు 2,500 మంది గాయపడ్డారు. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే విదేశీ బ్రాండ్లూ కార్మిక సంఘాలూ కలిసి చట్టపరంగా కట్టుబడి ఉండాల్సిన భద్రతా ఒప్పందం ఒకటి చేసుకున్నాయి.

ఈ రెండూ పక్కపక్కన పెట్టగానే పిల్లలు "అంతా సేమ్" అంటారు. అక్కడే ఆపి బోర్డు మీద మూడు కాలమ్స్ గీయండి: ఒకేలా ఉన్నవి, వేరుగా ఉన్నవి, మధ్యలో మారినవి. మొదటి కాలమ్ పది నిమిషాల్లో నిండిపోతుంది. రెండో కాలమ్ దగ్గర అసలు పని మొదలవుతుంది, ఎందుకంటే 1911లో ఓనర్లు అదే బిల్డింగ్‌లో పై అంతస్తులో ఉన్నారు, అడిగేవాళ్ళకి వాళ్ళు ఎవరో తెలుసు, కుట్టిన బట్టలూ అదే దేశంలో అమ్ముడుపోయేవి. 2013లో ఫ్యాక్టరీ ఓనర్ ఒకరు, బిల్డింగ్ ఓనర్ ఇంకొకరు, ఆర్డర్ ఇచ్చిన కంపెనీ వేరే ఖండంలో, కొన్నవాళ్ళు ఇంకెక్కడో, మరి బాధ్యత ఎవరిది? మూడో కాలమ్‌లో చట్టాలు, సంఘాలు, తనిఖీలు. మధ్యలో నూట రెండేళ్ళు గడిచాయి, భద్రతా నియమాలు ప్రపంచానికి తెలుసు, అయినా ఎందుకు జరిగింది అన్న ప్రశ్న ఈ మూడో కాలమ్ లేకుండా పుట్టదు.

పిల్లల్ని ముందుగా చూసుకోవడం

యూనిట్ మొదలుపెట్టడానికి ఒకట్రెండు రోజుల ముందు పది నిమిషాలు చాలు. ఒక ఫోటో ఇచ్చి "ఏం కనిపిస్తోంది, దీన్నిబట్టి ఏం అనుకుంటున్నావు, ఇంకా ఏం తెలుసుకోవాలి" అని మూడు ప్రశ్నలు రాయమనండి, దాంతోపాటు ఒక చిన్న పేరా చదివి దాని సారం చెప్పమనండి. మీరు చూడాల్సినవి మూడు, చదవడం, ముందే తెలిసిన విషయం, తను అనుకున్నది బయటపెట్టగలగడం. ఈ మూడూ వేరు వేరు, దయచేసి వీటిని కలిపేసి తెలివైనవాళ్ళు, మొద్దులు అని రెండు డబ్బాల్లో పడెయ్యకండి. అద్భుతంగా వాదించే పిల్ల రాతలో రెండు లైన్లు దాటలేకపోవచ్చు, చక్కగా రాసే పిల్లాడికి ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో ఊహే ఉండకపోవచ్చు, పనిచేసే ఇంటి నుంచి వచ్చిన పిల్లకి ఆ విషయంలో క్లాసు మొత్తం కన్నా ఎక్కువ తెలిసి ఉండొచ్చు.

డిఫరెన్షియేషన్ మీద ఎక్కువ పనిచేసిన కరోల్ ఆన్ టామ్లిన్సన్ చెప్పిన విభజన ఇక్కడ పనికొస్తుంది, పిల్లలు ఏం చదువుతారు, దాంతో ఏం చేస్తారు, చివరికి ఏం తయారుచేసి చూపిస్తారు అన్న మూడు చోట్ల మనం మార్పు చెయ్యొచ్చు, అది కూడా వాళ్ళ సంసిద్ధత, ఆసక్తి చూసుకుని. మూడూ ఒకేసారి మార్చక్కర్లేదు, ఒక యూనిట్‌లో ఒక్కటి మార్చినా చాలు. ఇంకో మాట, వీడు చూసి నేర్చుకునే టైపు, ఆమె విని నేర్చుకునే టైపు అని పిల్లల్ని విడగొట్టి దానికి తగ్గట్టు చెప్తే బాగా నేర్చుకుంటారన్న దానికి పరిశోధనల్లో సరైన ఆధారం దొరకలేదు, కాబట్టి ఆ వర్గీకరణ మీద మీ సాయంత్రాలు ఖర్చుపెట్టకండి. మ్యాపు, ఫోటో, మాట, రాత అన్నీ అందరికీ కావాలి.

గ్రూపులు మాత్రం ప్రతి యూనిట్‌కీ మారాలి. ఒకే నలుగురు ఏడాదంతా "సులువు షీటు" గ్రూపులో కూర్చుంటే వాళ్ళ సంగతి వాళ్ళకీ తెలిసిపోతుంది, మిగతావాళ్ళకీ తెలిసిపోతుంది, ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా నోరు విప్పరు.

సోర్సు ఒకటే, దారులు మూడు

ట్రయాంగిల్ యూనిట్‌కి నేను వాడేది కార్మిక సంఘం నాయకురాలు రోజ్ ష్నైడర్‌మన్ ప్రసంగం. ప్రమాదం జరిగిన వారానికి, 1911 ఏప్రిల్ 2న, మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో డబ్బున్నవాళ్ళు కూడా ఎక్కువమంది ఉన్న సభలో ఆవిడ మాట్లాడింది, మీ సానుభూతి, మీ విరాళాలు చాలవు, కార్మికులు సంఘటితం కావాల్సిందే అన్నది ఆ ప్రసంగం సారాంశం. చిన్న ప్రసంగమే గానీ సూటిగా ఉంటుంది, అందుకే అన్ని స్థాయిలకీ సరిపోతుంది.

చదవడం కష్టంగా ఉన్నవాళ్ళకి దాంట్లో నుంచి ఏడెనిమిది లైన్లు, రెండు మూడు ముక్కలుగా విడగొట్టి, కష్టమైన పదాలకి పక్కనే అర్థాలు, పైన "ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు" అని ఒక లైను. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, భాష తేలిక చెయ్యండి గానీ ఆలోచన తేలిక చెయ్యొద్దు. వీళ్ళకి కూడా అడిగే ప్రశ్న "ఈవిడ ఎవరి మీద కోపంగా ఉంది, ఎందుకు, ఏ మాటని బట్టి నీకలా అనిపించింది" అనే ఉండాలి, "సభ ఎక్కడ జరిగింది" అని కాదు. మధ్యలో ఉన్నవాళ్ళకి ప్రసంగం మొత్తం, పక్కన మార్జిన్‌లో మూడు నాలుగు ప్రశ్నలు. వేగంగా వెళ్ళేవాళ్ళకి అదే ప్రసంగంతోపాటు దానికి పడని ఇంకో సోర్సు, ఉదాహరణకి కోర్టులో ఓనర్ల తరఫు వాదన, ఈ రెండిట్లో దేన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని. వాళ్ళకి ప్రశ్నలు ఎక్కువ ఇవ్వడం కాదు, చిక్కు ఎక్కువ ఇవ్వాలి. ముందే అయిపోయిందని ఇంకో వర్క్‌షీటు ఇస్తే త్వరగా చెయ్యడం శిక్ష అని నేర్చుకుంటారు.

సోర్సు చదివే పద్ధతి కూడా నేర్పాలి, అది దానంతటదే రాదు. శామ్ వైన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1991లో ప్రచురించిన అధ్యయనంలో చరిత్రకారులకీ హైస్కూల్ పిల్లలకీ ఒకే పత్రాలు ఇచ్చి, చదువుతూ పైకి ఆలోచించమన్నాడు. చరిత్రకారులు ముందు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని చూసి తర్వాత విషయంలోకి వెళ్ళారు, పిల్లల్లో ఎక్కువమంది మొదటి లైను నుంచి చివరి లైను దాకా టెక్స్ట్‌బుక్ చదివినట్టే చదివేశారు. అందుకే నా వర్క్‌షీట్లు అన్నిట్లోనూ, ఏ స్థాయిదైనా సరే, మొదటి పెట్టె "రాసింది ఎవరు, ఎందుకు రాసి ఉంటారు" అన్నదే. ఇదే అలవాటు రేపు ఫోన్‌లో వచ్చిన ఫార్వర్డ్ మెసేజ్ చూసినప్పుడు కూడా పనికొస్తుంది, గతానికీ వర్తమానానికీ ఇంతకన్నా గట్టి లింకు నాకు తెలిసి లేదు.

కొందరికి వాక్యం మొదలుపెట్టి ఇవ్వాల్సి వస్తుంది, "అప్పుడు ... ఇప్పుడు మాత్రం ... ఎందుకంటే ..." లాగా. ఇవ్వండి, కానీ మూడో పీరియడ్‌కి సగం తీసెయ్యండి, యూనిట్ చివరికి మొత్తం తీసెయ్యండి, లేకపోతే ఆ ఊతం అలవాటైపోతుంది. క్లాసులో చెప్పే భాష ఇంకా కుదరని పిల్లలుంటే ముందు వాళ్ళ భాషలో మాట్లాడుకోనిచ్చి తర్వాత రాయమనండి. చూపు సమస్య ఉన్న పిల్లకి ఫోటోని మాటల్లో వర్ణించి చెప్పాలి, అక్షరాలతో ఇబ్బంది పడేవాళ్ళకి ప్రసంగం రికార్డు చేసి వినిపించండి, మీ ఫోన్‌లో మీ గొంతుతో చేసినా చాలు.

అసలు చదవడానికి పెద్దగా ఏమీ లేని సోర్సులు కూడా వెతకండి. లండన్‌లో 1854లో బ్రాడ్ స్ట్రీట్ దగ్గర కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ చావుల్ని మ్యాపు మీద గుర్తులుగా పెట్టాడు, అక్కడున్న నీళ్ళ పంపు చుట్టూ గుర్తులు గుంపుగా కనిపిస్తాయి. పక్కనే ఉన్న బీరు తయారుచేసే చోట పనివాళ్ళు మాత్రం బతికారు, వాళ్ళు ఆ నీళ్ళు తాగలేదు. ఈ మ్యాపు ముందు పెడితే చదవలేని పిల్లాడు కూడా డిటెక్టివ్ అయిపోతాడు, లోతుగా వెళ్ళేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది, పంపు హ్యాండిల్ తీసేసే నాటికే జబ్బు తగ్గుముఖం పట్టిందని స్నో స్వయంగా ఒప్పుకున్నాడు, మరి హ్యాండిల్ తీయడం వల్లే ఆగిందని చెప్పొచ్చా? ఇవ్వాళ జబ్బుల డేటా మ్యాపుల్లో కనిపించేటప్పుడు మనం ఏం నమ్ముతున్నాం? ఒకే మ్యాపు నుంచి అందరికీ పని దొరికింది.

పీరియడ్ల వారీగా

నాలుగు పీరియడ్లు ఉన్నాయనుకుందాం. మొదటిది ఇప్పటి నుంచి మొదలుపెట్టండి, పిల్లలు వేసుకున్న చొక్కా కాలర్ లోపల ఏ దేశం పేరుందో చూడమనండి, బోర్డు మీద ప్రపంచ పటంలో గుర్తులు పెట్టండి, తర్వాత రాణా ప్లాజా ఫోటో, ఆ తర్వాత పెద్ద ప్రశ్న. దాని మీద ఇప్పుడు ఏమనుకుంటున్నారో ఒక లైను రాయించి దాచండి, చివరి రోజు కావాలి. రెండో పీరియడ్ 1911 సోర్సులు, పైన చెప్పిన మూడు దారుల్లో.

మూడోది జిగ్‌సా. ఈ పద్ధతి పుట్టుకే ఒక చరిత్ర పాఠం, 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో నల్ల, తెల్ల, హిస్పానిక్ పిల్లలు మొదటిసారి ఒకే క్లాసుల్లో కూర్చోవాల్సి వచ్చి గొడవలు మొదలైనప్పుడు సైకాలజిస్టు ఎలియట్ ఆరన్సన్, ఆయన విద్యార్థులు దీన్ని తయారుచేశారు, ఒకరి దగ్గరున్న ముక్క లేకుండా ఇంకొకరి పని పూర్తి కాకుండా. మన క్లాసులో ఒక గ్రూపు ఫ్యాక్టరీ భవనం గురించి, ఒకటి సమ్మె గురించి, ఒకటి కోర్టు కేసు గురించి, ఒకటి తర్వాత వచ్చిన చట్టాల గురించి చదువుతుంది, తర్వాత ఒక్కో గ్రూపు నుంచి ఒక్కొక్కరు కలిసి కొత్త గ్రూపులు కట్టి ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇక్కడ ఒక్క విషయం చాలా జాగ్రత్తగా చూడండి, తక్కువ చదవగలిగే పిల్లల చేతికి ఇచ్చే ముక్క అలంకారం కాకూడదు, అది లేకపోతే మొత్తం వాదన కూలిపోవాలి. నేను అయితే తాళం వేసిన తలుపు, ఆరో అంతస్తు దాకానే వచ్చిన నిచ్చెన ఉన్న ముక్కే వాళ్ళకి ఇస్తాను, చిన్న టెక్స్టు, పటం ఉంటుంది, మిగతా ముగ్గురూ దాని కోసం వాళ్ళనే అడగాలి. అలా అడిగించుకున్న పిల్ల మొహం చూస్తే ఈ ప్లానింగ్ కష్టం ఎందుకు పడాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

నాలుగోది మూడు కాలమ్స్, చర్చ, రాయడం.

ఇవ్వాళ్టి విషయాలు తెచ్చేటప్పుడు

పోలిక తప్పితే చరిత్ర కూడా తప్పుతుంది. నచ్చని నాయకుణ్ణల్లా హిట్లర్ అనడం లాంటివి క్లాసులోకి రానివ్వకండి, వస్తే "ఏ విషయంలో, ఏ సాక్ష్యంతో, ఏ విషయంలో కాదు" అని అక్కడికక్కడే అడగండి. 1918 ఫ్లూని కోవిడ్‌తో పోల్చడం ఎంతో ఉపయోగం, కానీ తేడాలతోనే. యుద్ధంలో ఉన్న దేశాల్లో పత్రికల మీద సెన్సార్ ఉంది, తటస్థంగా ఉన్న స్పెయిన్‌లో వార్తలు స్వేచ్ఛగా వచ్చాయి, దాంతో జబ్బుకి ఆ దేశం పేరే అంటుకుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1918 సెప్టెంబర్ 28న యుద్ధ బాండ్ల కోసం భారీ ఊరేగింపు జరిపారు, కొద్ది రోజుల్లోనే ఆసుపత్రులు నిండిపోయాయి. సెయింట్ లూయిస్‌లో జనం గుమిగూడే చోట్లని త్వరగా మూసేశారు, అక్కడ మరణాల రేటు చాలా తక్కువ. 1919లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కులకి వ్యతిరేకంగా ఏకంగా ఒక సంఘమే పెట్టారు. ఇంతవరకు చెప్తే "అచ్చం మనలాగే" అంటారు. అప్పుడు ఇది పెట్టండి, ఆ రోజుల్లో చాలామంది డాక్టర్లు ఆ జబ్బుకి కారణం ఒక బ్యాక్టీరియా అనుకున్నారు, మనిషికి ఫ్లూ తెచ్చే వైరస్‌ని వేరుచేసింది 1933లో. 2020లో మాత్రం జనవరిలోనే వైరస్ జన్యుక్రమం బయటికొచ్చింది, అదే ఏడాది చివరికి వ్యాక్సిన్లు వెయ్యడం మొదలైంది. శాస్త్రం ఇంత మారింది కదా, మనుషుల స్పందన ఎందుకు అంత మారలేదు? చర్చ ఇక్కడ పుడుతుంది.

ఇంటి దగ్గర నష్టం జరిగిన పిల్లలు ఉండొచ్చు, కోవిడ్‌లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు, ఫ్యాక్టరీ ప్రమాదం చూసినవాళ్ళు, యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు. ముందు రోజే "రేపు ఈ విషయం మాట్లాడతాం" అని చెప్పండి, సొంత అనుభవం చెప్పమని ఎవర్నీ బలవంతం చెయ్యొద్దు, కాసేపు బయటికి వెళ్ళే వీలు ఇవ్వండి. బానిసత్వం, మారణహోమాల్లాంటి వాటిని నాటకంలా వేయించడం అసలు వద్దు, బాధితుల పాత్ర వేసిన పిల్లకీ హింసించేవాళ్ళ పాత్ర వేసిన పిల్లాడికీ ఇద్దరికీ అది హానే, పైగా అయిదు నిమిషాల నటనతో ఆ బాధ అర్థమైపోయిందన్న భ్రమ మిగులుతుంది. ఉత్తరాలు, సాక్ష్యాలు, ఫోటోలు చాలు, ఫోటోలు కూడా వయసుకి తగ్గవే.

రాజకీయంగా వేడిగా ఉన్న విషయమైతే ముందు మీకు మీరు తేల్చుకోండి, ఇందులో నిజంగా వాదన ఉన్న భాగం ఏది, సాక్ష్యాలతో తేలిపోయిన భాగం ఏది. తాళం వేసి ఉందా లేదా అన్నదానికి సాక్ష్యాలున్నాయి, దాని మీద ఓటింగ్ పెట్టకూడదు. కొనేవాళ్ళకి బాధ్యత ఉందా లేదా అన్నది వాదించదగ్గ విషయం, అక్కడ మీ అభిప్రాయం చివరి దాకా దాచుకోండి.

ఇంకో సంగతి, ప్రతి యూనిట్‌లోనూ చావులూ అన్యాయాలే చూపిస్తే పిల్లలు "ఏం చేసినా ఏమీ మారదు" అన్న నిర్ణయానికి వచ్చేస్తారు, అది కూడా చరిత్ర ప్రకారం అబద్ధమే. మారిన సంగతులు కూడా తీసుకోండి. 1974లో మోలినా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు ఫ్రిజ్‌లలో, స్ప్రేల్లో వాడే సీఎఫ్‌సీ వాయువుల వల్ల ఓజోన్ పొర దెబ్బతింటుందని హెచ్చరించారు, 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పలచబడిందని బయటపడింది, 1987లో ఆ వాయువుల్ని తగ్గించడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, ఇప్పుడా పొర నెమ్మదిగా కోలుకుంటోంది. మరి వాతావరణ మార్పు విషయంలో అదే ఎందుకు జరగట్లేదు అని అడగండి. సీఎఫ్‌సీలు తయారుచేసే కంపెనీలు కొన్నే, బదులు వాడే రసాయనాలు దొరికాయి. బొగ్గు, చమురు మాత్రం కరెంటులో, బండిలో, వ్యవసాయంలో, అన్నిట్లో ఉన్నాయి. పెద్ద క్లాసు పిల్లలకి ఈ తేడా ఒక్కటే రెండు పీరియడ్లకి సరిపోతుంది.

ఎంతవరకు వచ్చిందో చూడ్డం

చివర్లో ఏం చేసి చూపించాలి అన్నదానికి రెండు మూడు దారులు ఇవ్వండి, అంతకన్నా ఎక్కువ ఇస్తే ఎంచుకోవడానికే పీరియడ్ అయిపోతుంది. ఒక వ్యాసం, లేదా మూడు నిమిషాల ఆడియో, లేదా నోట్సుతో నింపిన టైమ్‌లైన్. ఏది ఎంచుకున్నా మార్కులు వేసే కొలత ఒకటే ఉండాలి: కనీసం మూడు సాక్ష్యాలు వాడారా, అవి ఎవరివో చెప్పారా, ఒక పోలికా ఒక తేడా చూపించారా, ఆ తేడాకి కారణం చెప్పారా. పోస్టరు అంటే నాకు కొంచెం భయం, రంగులకే టైమంతా పోయి ఆలోచన మిగలదు, ఇవ్వాలనుకుంటే సాక్ష్యాలు ముందు విడిగా కాగితం మీద చూపించాకే రంగులు ముట్టుకోనివ్వండి.

రోజూ వెళ్ళేముందు చీటీ రాయించండి, రెండే ప్రశ్నలు, ఇవ్వాళ నీ ఆలోచన మార్చిన సాక్ష్యం ఏది, ఇంకా అర్థం కానిది ఏది. వాటిని దిద్దొద్దు, మూడు కుప్పలుగా వెయ్యండి అంతే, అర్థమైనవాళ్ళు, సగం అర్థమైనవాళ్ళు, దారి తప్పినవాళ్ళు. రేపటి గ్రూపులు ఆ కుప్పల నుంచే వస్తాయి. యాభై చీటీలు కూడా పావుగంటలో అయిపోతాయి.

క్లాసు పెద్దదైతే, లేదా మీరు ఇది మొదటిసారి చేస్తుంటే, మూడు దారులు వద్దు, రెండు చాలు, అందరికీ ఒక షీటు చేసి దాని వెనక పక్క సాయం ముద్రించండి, పదాల అర్థాలు, వాక్యం మొదళ్ళు, కావలసినవాళ్ళు తిప్పి చూసుకుంటారు. ఎవరికి సాయం కావాలో మీరు వేలు చూపించక్కర్లేకుండా పోతుంది. ఏడాదికి ఒక్కో క్లాసుకి రెండు యూనిట్లు ఇలా తయారుచేసుకుని, అదే సబ్జెక్టు చెప్పే ఇంకో టీచర్‌తో మార్చుకుంటే పని సగమవుతుంది.

యూనిట్ అయిపోయాక మొదటి రోజు రాయించి దాచిన ఆ ఒక్క లైను తిరిగి ఇచ్చెయ్యండి, దాని కింద ఇప్పుడు ఏమనుకుంటున్నారో, ఏ సాక్ష్యం వల్ల మారిందో లేదా మారలేదో రాయమనండి. రెండు లైన్లూ ఉన్న ఆ కాగితాలన్నీ ఫైల్లో పెట్టుకోండి, వచ్చే ఏడాది ఇదే యూనిట్ చెప్పేటప్పుడు ఏ సోర్సు పనిచేసిందో, ఏది తీసెయ్యాలో వాటిని చూస్తే తెలిసిపోతుంది.